పూరేకు కుంచె మొనలోనే ఉంది

(చెన్నైలో తెలుగు మహిళల సమావేశంలో పూల చిత్రలేఖనం మీద చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? ఫ్యాను చప్పుడు అడ్డం వస్తే చెప్పండి, మైకు ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంటాను. ఫ్యాను మాత్రం ఆపొద్దు, ఈ ఉక్కలో కూర్చోలేం. అయితే ఆ ఫ్యాను సంగతి కాసేపట్లో మళ్ళీ ఎత్తుతాను. మన రంగులకి అది చాలా ఇబ్బంది పెడుతుంది.

నన్ను పిలిచినప్పుడు ఏమన్నారంటే, "అమ్మా, పూలు వెయ్యడం చూపించండి, చివర్లో టైముంటే బ్రష్‌లు ఎలా దాచుకోవాలో రెండు మాటలు చెప్పండి" అన్నారు. చివర్లో కాదు, రెండు మాటలూ కాదు, నేను మొదట చెప్పేదే అది అన్నాను. ఎందుకో చెప్తాను వినండి.

మామూలుగా బొమ్మ వేసేటప్పుడు ఏం చేస్తాం? పెన్సిలుతో గీత గీసుకుంటాం, లోపల రంగు నింపుతాం. బ్రష్ కాస్త పాడైనా గీత మనల్ని కాపాడుతుంది. కానీ పళ్ళేల మీద, కుండల మీద, పీటల మీద, చీర అంచుల మీద వేసే అలంకారపు పూలలో రేకుని గీసి నింపం. బ్రష్ ఆనిస్తాం, నొక్కుతాం, లాగుతాం, లేపుతాం. అంతే, రేకు వచ్చేసింది. మరి ఆ రేకుకి ఆ ఆకారం ఎక్కడినుంచి వచ్చింది? సగం మీ చేతి ఒత్తిడి నుంచి. మిగతా సగం? ఆ వెంట్రుకల నుంచి. వెంట్రుకలు నొక్కితే విచ్చుకుని, లేపితే మళ్ళీ మొనగా కలిసిపోవాలి. కలవకపోతే రేకు చివర చీలిపోతుంది. మీ చెయ్యి ఎంత బాగున్నా చీలిపోతుంది. చాలామంది "నాకు చెయ్యి రాదండీ" అని మానేస్తారు. నేను వాళ్ళ బ్రష్ చూపించమంటాను. పదిమందిలో ఎక్కువమందికి చెయ్యి బాగానే ఉంటుంది, బ్రష్ పోయి ఉంటుంది.

అందుకే కడగడం, ఆరబెట్టడం, దాచడం అనేవి పని అయ్యాక చేసే పని కాదు. రేపు వెయ్యబోయే పువ్వుకి మొదటి ఒత్తు ఈరోజు సింకు దగ్గర పడుతుంది. ఈ గంటసేపూ నేను చెప్పేది ఇదే, వేరువేరు మాటల్లో.

మనం కూర్చున్న ఈ ఊరికీ పూల బొమ్మలకీ ఉన్న సంబంధం కొంచెం చెప్పనివ్వండి. 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఇక్కడ చోటిచ్చింది ఎవరు? దామర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. కంపెనీవాళ్ళు ఈ ఇసక తీరానికి ఎందుకొచ్చారు? బట్ట కోసం. ఈ కోరమాండల్ తీరంలో నేసి, రంగులు అద్దిన పూల బట్ట కోసం. మచిలీపట్నం నుంచీ, మద్రాసు నుంచీ ఓడలెక్కిన ఆ పూలు యూరప్‌లో ఎంతగా నచ్చాయంటే, తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లండు 1700లో చట్టం చేసింది. పూల బొమ్మకి భయపడి చట్టాలు చేశారు! లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఆ బట్టలున్నాయి, ఒక చెట్టు, దాని కొమ్మలకి లోకంలో లేని పూలన్నీ.

శ్రీకాళహస్తి కలంకారీ ఇప్పటికీ చూడొచ్చు. ఇక్కడినుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చూసి రావచ్చు. అక్కడివాళ్ళ కలం చూశారా? మొన చెక్కిన పుల్లకి కొంచెం పైన గుడ్డో ఉన్నో చుట్టి, దారంతో బిగిస్తారు. రంగు ఆ చుట్టలో నిలుస్తుంది, వేలితో నొక్కితే మొనలోకి దిగుతుంది. ఇక రంగు వెయ్యడానికి ముందు జరిగే పని చూడండి. బట్టని కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచాలి. పాలలోని కొవ్వు వల్ల రంగు చుట్టూ పాకదు. నలుపు కోసం బెల్లంలో తుప్పు పట్టిన ఇనుము వేసి రోజుల తరబడి పులియబెట్టాలి. ఎరుపు నిలవాలంటే పటిక ఉండాలి. పారే నీళ్ళలో మళ్ళీ మళ్ళీ ఉతకాలి. బొమ్మ గీసే సమయం కన్నా సామాను సిద్ధం చేసే సమయమే ఎక్కువ. దాన్ని వాళ్ళు వేరే పనిగా ఎప్పుడూ అనుకోలేదు.

ఇంకో ఇద్దరి పేర్లు చెప్పాలి. రంగయ్య, గోవిందు. ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. అనుకున్నాను. స్కాట్లండ్ నుంచి 1819లో మద్రాసు వచ్చిన రాబర్ట్ వైట్ అనే డాక్టరు ఇక్కడి మొక్కలన్నీ లెక్కగా నమోదు చెయ్యాలని పూనుకున్నాడు. ఆ మొక్కల్ని చూసి బొమ్మలు వేసింది మొదట రంగయ్య, తర్వాత గోవిందు. వైట్ అచ్చువేసిన బొమ్మలు రెండు వేలు దాటాయి, అందులో చాలాభాగం ఈ ఇద్దరి చేతి చలవే. అసలు బొమ్మల్లో చాలా ఎడిన్‌బరో వృక్షోద్యానంలో భద్రంగా ఉన్నాయి. ఒక ఆర్కిడ్ జాతికి వైట్ గోవిందు పేరే పెట్టాడు, గోవిందూయియా అని. ఆ పేరు ఇప్పుడు శాస్త్రంలో వాడుకలో లేదు, కానీ ఒక చిత్రకారుడి పేరు మొక్కకి పెట్టారంటే ఆ పనితనం ఎంతటిదో చూడండి. మనం ఇంటర్‌నెట్లో చూసి ఇంగ్లీషు గులాబీలే వేస్తున్నాం. ఈ ఇద్దరు మన కాలవగట్ల మొక్కల్ని చూసి వేశారు. నాకు వాళ్ళంటే చాలా గౌరవం.

గులాబీ వెయ్యొద్దని నేననను. నార్వేలో రైతుల ఇళ్ళలో 18వ శతాబ్దం నుంచీ వేస్తున్న రోజ్‌మాలింగ్ అనే పూల అలంకరణ ఉంది. ఈ మధ్యకాలంలో అమెరికాలో డోనా డ్యూబెర్రీ 'వన్ స్ట్రోక్' అని ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఉంది. మనం క్లాసుల్లో నేర్చుకునేది ఎక్కువగా అదే. పద్ధతి తీసుకోండి, మంచిది. పువ్వు మాత్రం మన కోయంబేడు పూల మార్కెట్ నుంచి తెచ్చుకోండి.

కనకాంబరం తీసుకోండి. ఎప్పుడైనా ఒక్క పువ్వు విడిగా వేలిమీద పెట్టుకుని చూశారా? మాలలో చూస్తాం గానీ విడిగా చూడం. సన్నటి కాడ, దాని కొసన రేకంతా ఒకవైపుకే విసనకర్రలా తెరుచుకుని ఉంటుంది, అంచున అయిదు నొక్కులు. చదునైన బ్రష్‌కి ఒక మూల నారింజ, రెండో మూల పసుపు తీసుకోండి. పసుపు మూలని కదలనివ్వకుండా ఆనించి, నారింజ మూలని చిన్నగా ఊపుతూ అర్ధచంద్రంగా తిప్పండి. పువ్వు అయిపోయింది. కానీ ఒకటి, ఆ బ్రష్ అంచు కత్తిరించినట్టు తిన్నగా ఉండాలి. రెండు వెంట్రుకలు పక్కకి పోయినా నారింజ వెళ్ళి పసుపులో పడుతుంది.

మందారం వేరే రకం. దాని రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, ప్రతి రేకుకీ ఒక అంచు పైన, రెండో అంచు పక్క రేకు కింద. దేవగన్నేరు కూడా అంతే. మనం అయిదు రేకులూ వరసగా వేసుకుంటూ పోతే అయిదోది మొదటిదాని మీద ఎక్కి కూర్చుంటుంది, పువ్వు అబద్ధంగా కనిపిస్తుంది. అందుకని అయిదోది వేశాక మొదటి రేకులో ఆ పక్క సగాన్ని మళ్ళీ ఒక ఒత్తు వెయ్యాలి. మధ్యలో కేసరాల కాడ పొడుగు వెంట్రుకల లైనర్ బ్రష్‌తో ఒక్క గీతగా లాగాలి, కొసన అయిదు ఎర్రటి చుక్కలు. ఆ అయిదు మర్చిపోకండి.

మల్లెమొగ్గకి గుండ్రటి బ్రష్ చాలు. ఆనించి, నొక్కి, లేపితే కన్నీటి చుక్క ఆకారం వస్తుంది. దాన్నే కొంచెం వంచితే కామా, అదే చేమంతి రేకు. తెల్ల మొగ్గ తెల్లటి రంగుతో రాదు. కొంచెం పచ్చ కలిసిన బూడిదరంగు కాడ వైపు ఉంటేనే తెలుపు తెలుపుగా కనిపిస్తుంది.

బ్రష్‌లు ఎన్ని కొనాలి అని అడుగుతారు. గుండ్రటిది ఒకటి, చదునైనది ఒకటి, తీగెలకి పొడుగు వెంట్రుకల లైనర్ ఒకటి. మొదట ఈ మూడూ మంచివి కొనండి, ఇరవై ఉన్న సెట్టు వద్దు. నంబరు చూసి మోసపోకండి, ఒక కంపెనీ 6, ఇంకో కంపెనీ 6 ఒకే సైజు ఉండవు. ఆక్రిలిక్‌కి సింథటిక్ వెంట్రుకలే మేలు. ముంగిస వెంట్రుకల బ్రష్ ఎవరైనా అమ్మజూపితే తీసుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, పైగా వాటికోసం జంతువుల్ని చంపుతారు. మన పూలకి అది అవసరమా?

ఇక రంగు చిక్కదనం. దోసె పిండి గరిటెలోంచి జారినట్టు జారాలి. అంతకన్నా గట్టిగా ఉంటే బ్రష్ లాగుతుంది, పలచనైతే కుండ మీద కారిపోతుంది. ముంచేముందు బ్రష్‌ని నీళ్ళలో తడిపి, గుడ్డమీద అద్దండి. పొడి బ్రష్‌ని రంగులో పెడితే రంగు నేరుగా పైకి, వెంట్రుకల్ని కర్రకి పట్టి ఉంచే లోహపు తొడుగు లోపలికి పాకుతుంది. తడిపితే అక్కడ ముందే నీళ్ళుంటాయి కాబట్టి రంగుకి చోటుండదు. వెంట్రుకల్లో సగానికి మించి రంగు ముంచొద్దు.

ఆ తొడుగు గురించి ఇంత ఎందుకు చెప్తున్నానో తెలుసా? బ్రష్ చచ్చిపోయేది అక్కడే. మొన దగ్గర కాదు. రంగు తొడుగు లోపల ఆరి గడ్డకడితే వెంట్రుకలు మొదట్లోనే విడిపోతాయి, మొన ఇక కలవదు.

కడగడం, ఆరబెట్టడం

ముందు మీ రంగు ఏ రకమో తెలియాలి, ఎందుకంటే మూడు రకాలూ మూడు విధాలుగా ఆరతాయి. వాటర్ కలర్‌లో జిగురు తుమ్మజాతి బంక. ఆరినా నీళ్ళు తగిలితే మళ్ళీ కరుగుతుంది, కాబట్టి అది క్షమిస్తుంది. ఆయిల్ రంగులో అవిసె నూనె ఉంటుంది. అది ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది, రోజులు పడుతుంది. ఆక్రిలిక్ అలా కాదు. నీళ్ళు ఆవిరవగానే అందులోని సన్నటి ప్లాస్టిక్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొర అవుతాయి. ఆ పొర మళ్ళీ నీళ్ళలో కరగదు. ఇక్కడే మన ఫ్యాను వస్తుంది. మే నెలలో, కత్తిరి ఎండల్లో, ఫ్యాను కింద కూర్చుని ఆక్రిలిక్ వేస్తే రంగు పళ్ళెంలో ఆరుతుంది, బ్రష్ మీద కూడా ఆరుతుంది. మీరు ఫోను ఎత్తి అక్కతో మాట్లాడి వచ్చేలోపు అయిపోతుంది. ఫ్యాను గాలి నేరుగా బల్లమీద పడకుండా కూర్చోండి. మూతున్న డబ్బాలో తడి స్పాంజి, దానిమీద బేకింగ్ కాగితం పరిచి, రంగు ఆ కాగితం మీద పెట్టుకోండి. మూత పెడితే మర్నాటికి కూడా తడిగానే ఉంటుంది.

బ్రష్‌ని గ్లాసులో నిలబెట్టి వదిలెయ్యకండి. దయచేసి వదిలెయ్యకండి. మూడు నష్టాలున్నాయి. మొన వంగిపోతుంది, కర్ర నీళ్ళు తాగి ఉబ్బి పైన పెయింటు పగులుతుంది, మళ్ళీ ఆరినప్పుడు కర్ర కుంచించుకుపోయి తొడుగు ఊగుతుంది.

పని అవగానే ముందు గుడ్డకో కాగితానికో రంగంతా తుడవండి. తర్వాత గోరువెచ్చటి నీళ్ళు. అరచేతిలో ఒంటి సబ్బు తడిపి, బ్రష్‌ని దానిమీద రంగు వేస్తున్నట్టే ఆడించండి. తొడుగు దగ్గర వేళ్ళతో మెల్లగా పిసకండి. నురగ తెల్లగా వచ్చేదాకా. వెంట్రుకలకి గులాబీ మరక మిగిలిపోతే కంగారుపడకండి, మరక నష్టం కాదు, గడ్డకట్టిన రంగే నష్టం. బట్టల పౌడరు వాడొద్దు.

మన ఊళ్ళో ఇంకో చిక్కుంది, నీళ్ళు. చాలా అపార్టుమెంట్లలో బోరు నీళ్ళే. ఉప్పు నీళ్ళల్లో సబ్బు సరిగా నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. అది వెంట్రుకల మధ్య పేరుకుంటే బ్రష్ గరుకుగా అవుతుంది. కడగడం బోరు నీళ్ళతోనే కడగండి, ఆఖరి మునక మాత్రం క్యాన్ వాటర్‌లో. ఒక చిన్న గ్లాసు చాలు.

కడిగాక వేళ్ళతో మొన దిద్దండి. దిద్ది, పడుకోబెట్టి ఆరబెట్టండి, మొన వైపు కొంచెం దిగువగా ఉండేలా. తడిగా ఉన్నప్పుడు నిలబెడితే నీళ్ళు తొడుగులోకి దిగుతాయి. పూర్తిగా ఆరాక ఎలా నిలబెట్టినా ఫరవాలేదు. ఇక ఐప్పసి, కార్తీక వానల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆరిందనుకున్నది ఆరి ఉండదు. అప్పుడు మూతున్న డబ్బాలో వేస్తే బూజు పడుతుంది. వానాకాలంలో బ్రష్‌లు గుడ్డ సంచిలోనో చాప చుట్టలోనో పెట్టుకోండి, గాలి ఆడాలి. ఆయిల్ రంగుల కోసం జంతువుల వెంట్రుకల బ్రష్‌లు వాడేవాళ్ళు పురుగు పట్టకుండా కూడా చూసుకోవాలి.

పాడైన బ్రష్‌కి మందుందా అంటే, కొంతవరకు ఉంది. ఆక్రిలిక్ ఆరిపోయిందా? మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో వెంట్రుకలు మాత్రమే మునిగేలా కాసేపు ఉంచండి. మెత్తబడ్డాక పాత టూత్‌బ్రష్‌తో దువ్వి, సబ్బుతో కడగండి. సింథటిక్ వెంట్రుకలు వంగిపోతే బాగా వేడిగా ఉన్న నీళ్ళలో కొన్ని సెకన్లు ముంచి, మొన దిద్ది ఆరనివ్వండి, చాలావరకు తిన్నబడతాయి. మరుగుతున్న నీళ్ళు వద్దు, తొడుగులో జిగురు ఊడిపోతుంది. ఇక దేనికీ లొంగనివాటిని పారెయ్యకండి. పొట్టిగా కత్తిరించి, బొమ్మలో చెట్టు ఆకుల్ని చుక్కలు చుక్కలుగా అద్దడానికి వాడండి, బాగుంటుంది.

రంగుల సంగతి

ట్యూబుని కింది నుంచి నొక్కుతూ రండి, మూత పెట్టేముందు మూతి తుడవండి. మూత బిగుసుకుపోతే పళ్ళతో లాగకండి, మూతి వైపు వేడినీళ్ళలో నిమిషం ఉంచితే వస్తుంది. సీసా రంగులో బ్రష్ నేరుగా ముంచొద్దు, పుల్లతో తీసుకోండి. బ్రష్‌తో పాటు మురికి నీళ్ళు లోపలికి వెళ్తే రంగు కుళ్ళు వాసన వస్తుంది. వాటర్ కలర్ డబ్బాలు ఆరేదాకా తెరిచే ఉంచండి, లేకపోతే ఈ ఊరి గాలికి వాటిమీద కూడా బూజే. ఎండ పడే బాల్కనీ అలమారాలో రంగులు పెట్టొద్దు.

కొనేటప్పుడు ట్యూబు మీద సన్నటి అక్షరాలు చదవండి, లోపలి రంగుపొడి ఏదో చెప్పే గుర్తు అక్కడ ఉంటుంది. ఎరుపు, గులాబీ రంగుల్లో ఇది ముఖ్యం. పి.ఆర్. 83 అని ఉంటే అది అసలు అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు. చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది, కానీ వెలుతురుకి వెలిసిపోతుంది. పి.వి. 19 అని ఉన్నది చాలా కాలం నిలుస్తుంది. హాల్లో తగిలించే మందారానికి ఏది కావాలో మీరే చెప్పండి.

రెండు జాగ్రత్తలు. బ్రష్ మొనని నోటితో తడిపి దిద్దే అలవాటు చాలామందికి ఉంది, పిల్లలకి ఇంకా ఎక్కువ. మానిపించండి. అమెరికాలో గడియారాల ముఖాల మీద రేడియం రంగు వేసిన అమ్మాయిలు 1920ల ప్రాంతంలో అలా మొన దిద్దుకోవడం వల్లే దవడలు కుళ్ళి, కొందరు చనిపోయారు. మన రంగుల్లో రేడియం లేదు, కానీ కొన్ని పసుపుల్లో, ఎరుపుల్లో కాడ్మియం ఉంటుంది. రెండోది, అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి బుట్టలో వెయ్యకండి. ఆరేటప్పుడు ఆ నూనె వేడి పుట్టిస్తుంది, ఉండగా ఉంటే ఆ వేడి బయటికి పోక తనంతట తానే అంటుకుంటుంది. విప్పి ఆరుబయట ఆరెయ్యండి, లేదా నీళ్ళ డబ్బాలో వేసి మూత పెట్టండి.

మురికి నీళ్ళు సింకులో పొయ్యొద్దు. బకెట్లో ఉంచితే రంగు అడుక్కి దిగుతుంది. అడుగున మిగిలిన మడ్డిని కాగితంతో తీసి చెత్తలో వెయ్యండి.

ఎవరో చెయ్యెత్తారు. కొలువు కుండలా? మంచి ప్రశ్న, నవరాత్రులు దగ్గరపడ్డాయి. అమ్మగారు అడిగేది, కుండమీద వేసిన పూలు పెచ్చులుగా ఎందుకు ఊడిపోతున్నాయి అని. కుండలో నీళ్ళో, మొక్కో పెట్టి ఉంటారు. మట్టి నీళ్ళు పీలుస్తుంది, ఆ తడి లోపలినుంచి వచ్చి పెయింటుని తోస్తుంది. అలాంటి కుండకి లోపలివైపు ముందు తడి ఇంకకుండా ఆపే సీలర్ వెయ్యాలి, ఆరాక బయట ప్రైమర్, అంటే రంగుకి అడుగుపూత, ఆ తర్వాతే పూలు. కొలువులో ఊరికే పెట్టే కుండకి లోపల అవసరం లేదు. బయట దుమ్ము తుడిచి ప్రైమర్ వేస్తే చాలు.

ఇంకొకరు జాకెట్టు మీద వెయ్యడం గురించి అడుగుతున్నారు. కొత్త బట్టని ముందు ఉతికి గంజి పోగొట్టండి. లోపల అట్టముక్క పెట్టండి, లేకపోతే వెనకవైపుకి దిగుతుంది. వేశాక ఒక రోజంతా ఆరనిచ్చి, తిరగేసి ఇస్త్రీ చెయ్యండి, అప్పుడే రంగు నిలుస్తుంది. మూడు రోజుల దాకా ఉతకొద్దు. బట్టకి వేసే బ్రష్ వేరుగా ఉంచుకోండి. నేతకి రాసుకుని వెంట్రుకలు త్వరగా అరిగిపోతాయి, దాంతో మళ్ళీ కుండమీద మల్లెమొగ్గ వెయ్యలేరు. కర్రకి ఎర్ర దారం కట్టుకుంటే ఇంట్లో పిల్లలు తీసినా తేడా తెలుస్తుంది. సరే, ముందు వరసవాళ్ళు బల్ల దగ్గరికి రండి. మీ మీ బ్రష్‌లు తెచ్చుకున్నారు కదా, ముందు వాటి మొనలు చూద్దాం.